అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో మీకు అందరికంటే ఇష్టమైన ఆటగాడు ఎవరు?

స్టిల్‌వాటర్ పాతకాపు:
ప్రతి ఆగస్టులో ఎవరో ఒకరు ఈ ప్రశ్న వేస్తారు, ప్రతిసారీ టీవీలో ఎక్కువ కనిపించినవాళ్ల పేర్లే వరుస కడతాయి. అందుకే ఈసారి నేనే మొదలుపెడుతున్నాను. బ్యారీ శాండర్స్, మా ఓక్లహోమా స్టేట్, 1988. 11 మ్యాచ్‌లలో 2,628 యార్డుల పరుగు, 37 టచ్‌డౌన్లు (బంతితో గోల్ గీత దాటడం). అంతకుముందు రెండేళ్లు థర్మన్ థామస్ వెనక బెంచీ మీద ఉన్నాడు. కిక్‌లు అందుకొని పరుగెత్తమంటే పరుగెత్తాడు, తన వంతు కోసం ఆగాడు. ఏటా ఉత్తమ కాలేజీ ఆటగాడికి ఇచ్చే హైస్మన్ ట్రోఫీ తనకు ప్రకటించినప్పుడు వేడుకలో కూడా లేడు, టెక్సాస్ టెక్‌తో మ్యాచ్ కోసం టోక్యోలో ఉన్నాడు. ఆ మ్యాచ్‌లో 332 యార్డులు.

మీ పేర్లు రాయండి. కారణం రాయనివాళ్లకు నేను జవాబివ్వను.

లింకన్ రైతుబిడ్డ:
మా నెబ్రాస్కా డిఫెన్స్ ఆటగాడు సూ. కారణం: 2009, టెక్సాస్‌తో కాన్ఫరెన్స్ (కాలేజీల లీగు) ఫైనల్, చివర్లో ఆ ఒక్క సెకను.

ఆస్టిన్ మామయ్య:
రైతుబిడ్డా, ఆ సెకను గడియారంలో నిజంగానే మిగిలి ఉంది. వీడియో చూసే తిరిగి పెట్టారు. మా టెక్సాస్ కుర్రాడు 46 యార్డుల నుంచి తన్నాడు, 13-12తో గెలిచాం. ఇన్నేళ్లయినా ఏడుపేనా?

నా ఓటు మా టెక్సాస్ విన్స్ యంగ్‌కు. 2006 జనవరి 4, రోజ్ బౌల్ (బౌల్ అంటే సీజన్ ముగిశాక ఆడే పెద్ద మ్యాచ్), జాతీయ టైటిల్ కోసం. అవతల వరుసగా 34 మ్యాచ్‌లు గెలిచి వచ్చిన యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా). నాలుగో డౌన్, అంటే చివరి ప్రయత్నం, ఐదు యార్డులు కావాలి, గోల్ గీత ఎనిమిది యార్డుల దూరం. విసరడానికి ఎవరూ ఖాళీగా లేరు. కుడి మూలకు తనే పరుగెత్తాడు, గడియారంలో 19 సెకన్లు మిగిలాయి. 41-38. ఆ రాత్రి పరుగులో 200 యార్డులు, పాసుల్లో 267. పాతకాపు గారూ, శాండర్స్ అంకెలు గొప్పవే, కాదనను. కానీ ఆ ఏడాది ఆయన ఆడిన ఏ ఒక్క ఆటనైనా దేశమంతా ఇలా గుర్తుపెట్టుకుందా?

డాలస్ చిన్నోడు:
యూటీ (టెక్సాస్ యూనివర్సిటీ) ఆర్లింగ్టన్‌లో 1985 తరువాత ఫుట్‌బాల్ జట్టే లేదు, యూటీ డాలస్‌లో అసలే లేదు. మనవాళ్లలో సగం మంది చదివింది ఈ రెండింటిలోనే. మాకూ ఓటుందా?

బోయిసీ కొత్తవాడు:
ఆష్టన్ జెంటీ, బోయిసీ స్టేట్, 2024. ఉద్యోగం కోసం ఈ ఊరు వచ్చాను, ఈ ఆట ఏమిటో అతన్ని చూసే నేర్చుకున్నాను. 2,601 యార్డులు. శాండర్స్ రికార్డుకు 27 తక్కువ, అంతే. పైగా సీజన్ మొదట్లో కొన్ని మ్యాచ్‌లలో ముందే గెలుపు ఖాయమై, రెండో సగంలో అతన్ని కూర్చోబెట్టారు. లేకపోతే ఆ రికార్డు ఈ పాటికి మాది.

స్టిల్‌వాటర్ పాతకాపు:
తమ్ముడూ, ఆ 27 అనే మాట దయచేసి మళ్లీ రాయకు. జెంటీ ఆడింది 14 మ్యాచ్‌లు, శాండర్స్ ఆడింది 11. జెంటీ లెక్కలో కాన్ఫరెన్స్ ఫైనల్ ఉంది, పెన్ స్టేట్‌తో ఫియెస్టా బౌల్‌లో పరుగెత్తిన 104 యార్డులూ ఉన్నాయి. శాండర్స్ కూడా ఆ ఏడాది హాలిడే బౌల్‌లో వయోమింగ్ మీద 222 యార్డులు పరుగెత్తాడు, ఐదు టచ్‌డౌన్లు చేశాడు. అవి ఏ లెక్కలోనూ లేవు. బౌల్ మ్యాచ్‌ల అంకెలను సీజన్‌లో కలపడం 2002 నుంచే మొదలైంది, వెనకటివాళ్లకు వర్తించదన్నారు. కలిపితే 2,850. అప్పుడు తేడా 249. మ్యాచ్‌కు సగటు తీస్తే, ఆ బౌల్ కలపకపోయినా శాండర్స్‌ది 238.9, జెంటీది 185.8.

బోయిసీ కొత్తవాడు:
సార్, అధికారిక రికార్డు 2,628 కదా. నేను దానితోనే పోల్చాను.

స్టిల్‌వాటర్ పాతకాపు:
అధికారికం అన్నంత మాత్రాన న్యాయం అయిపోతుందా? 222 యార్డులు పరుగెత్తింది మనిషే కదా, దెయ్యం కాదు కదా! పెళ్లికి వచ్చి అక్షింతలు వేసి కట్నం చదివించి వెళ్లినవాడిని, భోజనాల వరుసలో పేరు లేదని రాలేదంటారా?

ఆస్టిన్ మామయ్య:
పాతకాపు గారు మళ్లీ 222 దగ్గర ఆగిపోయారు. ఇక ఈ చర్చ ముందుకు కదలదు.

అట్లాంటా అక్క:
నాకు ఇష్టమైన ఆటగాడు ఎవరూ లేరు. నేను చదివిన చోట, పేరెందుకులెండి, సెమిస్టరుకు డబ్బు కట్టి తీసుకున్న పార్కింగులోంచి మ్యాచ్ రోజున ఉదయమే కారు తీసేయమనేవారు. ప్రయోగం మధ్యలో వదిలేసి వెళ్లేసరికి కారు ఈడ్చుకుపోయారు. విడిపించుకోవడానికి కట్టిన డబ్బు నాకు ఆ నెల సరుకుల డబ్బు.

స్టిల్‌వాటర్ పాతకాపు:
అక్కయ్య గారూ, దానికీ శాండర్స్‌కూ సంబంధమేమిటి?

అట్లాంటా అక్క:
ఉంది. మీరు కూడుతున్న ఆ యార్డులకు స్థలం ఇచ్చింది నేను.

బేటన్‌రూజ్ బుజ్జమ్మ:
ఇంతసేపూ ఆగాను, ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. జో బరో, మా ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్), 2019. 60 టచ్‌డౌన్ పాసులు, 5,671 యార్డులు, 15 ఆడితే 15 గెలుపులు. ఫైనల్లో క్లెమ్సన్ మీద 42-25, అదీ న్యూ ఓర్లీన్స్‌లో, మా గుమ్మంలో. అంకెలు అలా ఉంచండి. హైస్మన్ అందుకుంటూ తను పెరిగిన ఆగ్నేయ ఒహాయోలో ఆకలితో ఇంటికి వెళ్లే పిల్లల గురించి మాట్లాడాడు. ఆ మాటలకు అక్కడి ఆహార సహాయ కేంద్రానికి 5 లక్షల డాలర్లకు పైగా విరాళాలు వచ్చాయి. సొంత మైదానంలో చివరి మ్యాచ్‌కు తన ఇంటిపేరును మా లూసియానా ఫ్రెంచి వాళ్లు రాసే పద్ధతిలో చొక్కా మీద రాయించుకొని వచ్చాడు. ఆ రాత్రి స్టేడియంలో ఏడవనివాళ్లు తక్కువ.

స్టిల్‌వాటర్ పాతకాపు:
బుజ్జమ్మ గారూ, బరో మంచి ఆటగాడే. కానీ అతను ఒహాయో స్టేట్ కుర్రాడు. అక్కడ మూడేళ్లు ఉండి, వంతు రాదని తెలిసి మీ దగ్గరికి వచ్చాడు. ఆడింది రెండు సీజన్లు. చొక్కా మీద ఏ పద్ధతిలో రాసుకున్నా అద్దె ఇల్లు అద్దె ఇల్లే. ఇప్పుడంతా అదే తంతు. ఎవరు ఎక్కువ ఇస్తే అక్కడికి పోవడం, డిసెంబరు వస్తే పెట్టె సర్దడం. ఆగడం తెలిసినవాడినే నేను నావాడు అంటాను.

బోయిసీ కొత్తవాడు:
సార్, జెంటీకి వేరేచోట్ల నుంచి అంతకంటే ఎక్కువ డబ్బు వస్తుందన్నా బోయిసీలోనే ఉండిపోయాడు. ఆ లెక్కన అతను మీకు నచ్చాలి కదా?

స్టిల్‌వాటర్ పాతకాపు:
నచ్చాడు. 27 మాత్రం ఒప్పుకోను.

బేటన్‌రూజ్ బుజ్జమ్మ:
ఆగడం గురించి మీరే చెప్పాలి! మీ శాండర్స్‌కు ఇంకో ఏడాది ఆట మిగిలి ఉంది. ఆడాడా? 1989లో డిట్రాయిట్ ప్రొఫెషనల్ జట్టుకు వెళ్లిపోయాడు. తప్పని నేననను. మీ కాలేజీ మీద నిషేధం పడింది, ఉండి ఏం చేస్తాడు? మరి నిషేధం ఎందుకు పడిందో కూడా రాయండి. ఒక ఆటగాడిని చేర్చుకోవడానికి డబ్బు ముట్టజెప్పారని తేలినందుకు. అప్పుడు బల్ల కింద ఇచ్చారు, 2021 నుంచి ఆటగాళ్లు తమ పేరుతో బహిరంగంగా సంపాదించుకుంటున్నారు. బల్ల కింద ఇచ్చిన రోజులు మీకు పవిత్రంగా కనిపిస్తున్నాయి.

స్టిల్‌వాటర్ పాతకాపు:
ఆ డబ్బు శాండర్స్ తీసుకోలేదు. ఆయన పేరు అందులోకి లాగకండి.

బేటన్‌రూజ్ బుజ్జమ్మ:
లాగలేదు. మీరు బరోను అద్దె మనిషి అన్నారు, దానికి జవాబు రాశాను. ఇంకొకటి కూడా వినండి. నేను ఈ దేశం వచ్చింది వేరే యూనివర్సిటీకి. వస్తే ఇస్తామన్న అసిస్టెంట్‌షిప్ ఇవ్వలేదు. ఒక సెమిస్టరు అప్పు మీద గడిపి ఐ-20 (స్టూడెంట్ వీసాకు కాలేజీ ఇచ్చే పత్రం) మార్పించుకొని బేటన్‌రూజ్ వచ్చాను. వెళ్లేరోజు అక్కడి మన తెలుగువాళ్లే వాట్సాప్ గ్రూపులోంచి నా పేరు తీసేశారు, సీనియర్ల పరువు తీశానట. ఇక్కడ ప్రొఫెసరు, పొరుగువాళ్లు, ఆఖరికి క్రేఫిష్ అమ్మే ముసలాయన కూడా నన్ను ఎక్కడి నుంచి వచ్చావని అడిగారు గానీ ఎందుకు వచ్చావని అడగలేదు. ఇక్కడ నేను రెండేళ్లే చదివాను. ఇది నా కాలేజీ కాదంటారా?

ఆస్టిన్ మామయ్య:
బుజ్జమ్మా, కోపం తగ్గించుకో అమ్మా. ఈయన కొట్లాట బరోతో కాదు. అన్నా, నేను చెబితే నీకు కోపం వస్తుంది, అయినా చెబుతున్నాను. అబ్బాయి స్టిల్‌వాటర్‌లో ఒక ఏడాది చదివి నార్మన్ వెళ్లిపోయినప్పటి నుంచి నువ్వు ఎవరు మారినా ఊరుకోవడం లేదు. మొన్న సంక్రాంతికి మా ఇంట్లోనూ ఇదే గొడవ.

స్టిల్‌వాటర్ పాతకాపు:
మామయ్యా, ఇంటి విషయాలు ఇక్కడికి తీసుకురావడం పద్ధతి కాదు.

లింకన్ రైతుబిడ్డ:
నార్మనా! మీ ప్రత్యర్థి ఓక్లహోమా యూనివర్సిటీయేనా? అయ్యో.

స్టిల్‌వాటర్ పాతకాపు:
సరే, బయటపడింది కాబట్టి చెబుతాను. వాతావరణ శాస్త్రం అక్కడ బాగుంటుందన్నాడు, నిజమే, దేశంలోనే పేరున్న విభాగం. ఫీజు నేనే కడుతున్నాను. కాని వాడికి మూడేళ్ల వయసులో నారింజ రంగు చొక్కా కొని, భుజాల మీద ఎక్కించుకొని మైదానానికి తీసుకువెళ్లింది నేను. ఇప్పుడు ఎర్ర చొక్కాలో ఫోటో పంపుతాడు. "నాన్నా, రంగే కదా" అంటాడు. బుజ్జమ్మ గారూ, మీకు జరిగింది అన్యాయమే, ఆ గ్రూపువాళ్లు చేసింది తప్పు. మీరు అవసరం కొద్దీ మారారు. అవసరానికి మారడం వేరు, బాగుంటుందని మారడం వేరు.

బేటన్‌రూజ్ బుజ్జమ్మ:
బాగుంటుందనే మారాను అన్నయ్యగారూ. మీరూ బాగుంటుందనే కదా ఇక్కడికి వచ్చారు.

అట్లాంటా అక్క:
వాతావరణ శాస్త్రానికైతే నార్మనే సరైన చోటు. అబ్బాయి మంచి పని చేశాడు.

డాలస్ చిన్నోడు:
మరి ఇక నుంచి ఆ రెండు కాలేజీల మ్యాచ్ రోజున ఇంట్లో ఎవరు ఏ సోఫాలో?

స్టిల్‌వాటర్ పాతకాపు:
ఆ మ్యాచే లేదు నాయనా. 2024లో వాళ్లు ఎస్‌ఈసీ అనే వేరే కాన్ఫరెన్స్‌కు వెళ్లిపోయారు, మామయ్య టెక్సాస్ కూడా వాళ్ల వెంటే.

బేటన్‌రూజ్ బుజ్జమ్మ:
మీ అబ్బాయినీ బరోనూ తిట్టే ముందు ఆ రెండు కాలేజీల పెద్దలకు ఒక ఉత్తరం రాయవలసింది. వందేళ్లకు పైగా సాగిన పోటీని టీవీ డబ్బు కోసం వదిలేసింది వాళ్లు, పిల్లలు కాదు.

ఆస్టిన్ మామయ్య:
దీనికి నేను జవాబివ్వను.

స్టిల్‌వాటర్ పాతకాపు:
ఉత్తరం రాశాను. జవాబు రాలేదు. ఆ చివరి మ్యాచ్ 2023 నవంబరులో, 27-24తో మేమే గెలిచాం. దాన్ని మాత్రం ఎవరూ లెక్కలోంచి తీసేయలేరు.