అప్‌డేట్: మూత్రంలో మంట, కల్చర్ మాత్రం నార్మల్ – కారణం దొరికింది

మూత్రం మొదలవగానే చురుక్కుమంటోంది, యూరిన్ కల్చర్‌లో (మూత్రంలో బ్యాక్టీరియా పెరుగుతుందేమో చూసే టెస్టు) ఏమీ లేదంటున్నారు, ఏం చేయాలి అని అడిగింది నేనే. ఇప్పుడు పూర్తిగా తగ్గింది. అందరికీ థాంక్స్, ముఖ్యంగా "కల్చర్ నార్మలైనా ఇన్ఫెక్షన్ ఉండొచ్చు, యూరాలజిస్టుని కలువు" అన్నవారికి.

పొద్దున్నే లోదుస్తుల మీద మరక కనిపిస్తోందా అని డాక్టరు అడిగారు. కనిపిస్తోందన్నాను. అయితే కనీసం గంటసేపు మూత్రం ఆపుకుని, మధ్యధార కాదు, మొట్టమొదటి ధారే పట్టివ్వమన్నారు. పీసీఆర్ టెస్టులో (క్రిమి జన్యుపదార్థాన్ని పట్టే టెస్టు) క్లామిడియా అని తేలింది, అంటే సెక్స్ ద్వారా సోకే బ్యాక్టీరియా. మామూలు యూరిన్ కల్చర్‌లో ఈ బ్యాక్టీరియా పెరగదట! 7 రోజులు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇచ్చారు. పార్ట్‌నర్‌కీ మందు తప్పనిసరి, ఇద్దరి కోర్సూ అయ్యేదాకా శారీరకంగా కలవకూడదు. మళ్లీ సోకిందేమో చూడటానికి 3 నెలలకు ఇంకోసారి టెస్టు.

సబ్బు మార్చడం, నీళ్లు తెగ తాగడం నా విషయంలో పనిచేయలేదు. కిడ్నీలో రాయేమోనన్న టెన్షన్ కూడా స్కాన్‌తో పోయింది.

చలిజ్వరం, నడుం పక్కన నొప్పి, మూత్రంలో రక్తం, వృషణం వాపు ఉన్నా, మూత్రం అసలు రాకపోయినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా అదే రోజు వెళ్లమన్నారు.