మెదడులో గడ్డ అన్నారు, టీబీయేనా? ఎలా తేలుద్ది?

గుణుపూర్_రాజు:
అందరికీ నమస్తే. మా బావ రైతు, షుగర్ ఉంది, నాట్లప్పుడు పొద్దస్తమానం బురదలోనే. జ్వరం విడిచి విడిచి వస్తంది, తలనొప్పి, ఇప్పుడు ఎడం చేత్తో గ్లాసు కూడా పట్టుకోలేకపోతన్నాడు. ఎంఆర్ఐలో కుడివైపు రింగులా గడ్డ కనబడిందని ఇక్కడ చూసినాయన టీబీ మందులు మొదలెట్టేశారు, శాంపిల్ ఏదీ తియ్యలేదు. ఇంకొకాయన కేన్సర్ కూడా కావొచ్చన్నారు. ఏటి చెయ్యాలో తోచట్లేదు.

ల్యాబ్‌బాబు_బరంపురం:
రాజు గారూ, నేను డాక్టర్ని కాను, కల్చర్లు (చీములో, రక్తంలో ఉన్న క్రిముల్ని ల్యాబ్‌లో పెంచి ఏవో తేల్చడం) చూసే పని నాది. రింగు కనబడితే మన దగ్గర ముందు టీబీ అనుకోవడంలో తప్పులేదు. కానీ షుగరు, వరిమడి, వానాకాలం మూడూ కలిస్తే మెలియాయిడోసిస్ కూడా చూడాలి. మట్టిలో, నీళ్ళలో ఉండే బర్ఖోల్డేరియా సూడోమాలై అనే బాక్టీరియా వల్ల వస్తది, ఒడిశాలో కేసులు దొరుకుతున్నాయి, మెదడు దాకా పాకడం అరుదే గానీ పాకితే టీబీ మందులకి లొంగదు. చీము తీసి కల్చర్ పెట్టించండి, బ్లడ్ కల్చర్ కూడా. అనుమానం ముందే ల్యాబ్‌కి చెప్పమనండి, లేపోతే ఏదో సూడోమోనాస్‌లే (చూడ్డానికి ఇలాగే ఉండే వేరే బాక్టీరియా) అని పక్కన పడేస్తారు. పెరిగిన క్రిమి జెంటామైసిన్, కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్స్‌కి లొంగకుండా ఆగ్మెంటిన్‌ అనే దానికి లొంగిందా, మెలియాయిడోసిస్ క్రిమేమో అని అక్కడ మేం ఆగి మళ్ళీ చూస్తాం.

జయపురం_పిల్ల:
మా నాన్నకీ టీబీ అనే మొదలెట్టారు, చివరికి నోకార్డియా అనే ఇంకో బాక్టీరియా అని తేలింది. అది మెల్లగా పెరుగుద్దంట, మొదట పంపిన ల్యాబ్ రెండ్రోజులకే ఏమీ పెరగలేదని రిపోర్టు ఇచ్చేసింది!! కల్చర్ ప్లేట్లు ఎక్కువ రోజులు ఉంచమని అడగండి. సెప్ట్రాన్ అనే యాంటీబయాటిక్ ఏడాది పైనే వాడాం.

సిస్టర్_పర్లాకిమిడి:
మందులు మీ అంతట మీరు ఆపొద్దు. గడ్డ పెద్దదైతే వెన్నులో నీరు తియ్యడం ప్రమాదం, అది న్యూరోసర్జనే తేల్చాలి. విశాఖో బరంపురమో, న్యూరోసర్జరీ ఉన్న చోటికి ఇవాళే బయల్దేరండి, ఫిట్స్ గానీ మగత గానీ వస్తే అసలు ఆగొద్దు. ఎంఆర్ఐ సీడీ పట్టుకెళ్ళండి, అందులో డిఫ్యూజన్ అనే రకం ఫిల్ముల్లో గడ్డ మధ్యలో తెల్లగా మెరిస్తే ఎక్కువగా చీమే, కేన్సర్ గడ్డ సాధారణంగా అలా మెరవదు. అన్నట్టు చెవిలో చీము, పుచ్చిపళ్ళు ఏమైనా ఉన్నాయా?

గుణుపూర్_రాజు:
కుడి చెవి చిన్నప్పటినుంచీ కారుద్ది అక్కా, దూది పెట్టుకుని తిరుగుతాడు. ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

ల్యాబ్‌బాబు_బరంపురం:
అయితే డాక్టరుకి ముందు ఆ మాటే చెప్పండి. చెవి నుంచి పక్కనున్న మెదడుకి పాకడం మామూలే, అప్పుడు మందులే వేరు. చీము మాత్రం కల్చర్‌కీ టీబీ పరీక్షకీ రెండిటికీ వెళ్ళాలి.

గుణుపూర్_రాజు:
బండి మాట్లాడాం, రాత్రికే బరంపురం వస్తన్నాం.