డాక్టర్ నో: వద్దా, కాదా, ససేమిరానా?

గ్రూపులో పెద్దలకు నమస్కారం. ఒక్క మాట దగ్గర మూడు రోజులుగా ఆగిపోయాను, సాయం చెయ్యండి.

అమెరికా కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) మాజీ సభ్యుడు రాన్ పాల్ మీద జీవిత పరిచయం రాస్తున్నాను. మొదటి పేజీ తేలిగ్గానే సాగింది. 1935లో పిట్స్‌బర్గ్‌లో పాల వ్యాపారం చేసుకునే ఇంట్లో పుట్టాడు. డ్యూక్ యూనివర్సిటీలో వైద్యం చదివి, వైమానిక దళంలో డాక్టరుగా పనిచేసి, 1968లో టెక్సస్ వెళ్ళి లేక్ జాక్సన్ అనే ఊళ్ళో కాన్పుల డాక్టరుగా స్థిరపడ్డాడు. 4 వేలకు పైగా పురుళ్ళు పోశాడంటారు. 1976 ఏప్రిల్‌లో ప్రతినిధుల సభకు ఉపఎన్నికలో గెలిచి, అదే ఏడు నవంబరులో 300 ఓట్లు కూడా తేడా లేకుండా ఓడిపోయి, 1978లో మళ్ళీ గెలిచాడు. 1984లో ఎగువ సభ సెనెట్‌కు పోటీపడితే సొంత రిపబ్లికన్ పార్టీ టికెట్టే దక్కలేదు. 1988లో, ప్రభుత్వ జోక్యం తగ్గాలనే లిబర్టేరియన్ పార్టీ తరఫున అధ్యక్ష పదవికి నిలబడ్డాడు. 1996లో తిరిగి రిపబ్లికన్‌గా గెలిచి 2013 జనవరి దాకా సభలోనే ఉన్నాడు.

చిక్కల్లా ఆయన మారుపేరు దగ్గర. జేమ్స్ బాండ్ సినిమాలో విలన్ పేరు తెచ్చి ఈయనకు తగిలించారు: "డాక్టర్ నో". పన్ను పెంచే బిల్లుకు నో, ఖర్చు పెంచే బిల్లుకు నో, యుద్ధానికీ నో.

తెలుగులో ఏమనాలి? "వద్దు డాక్టరు" అని రాస్తే ఇంటికొచ్చిన డాక్టర్ని పొమ్మన్నట్టుంది. "కాదు డాక్టరు" అంటే దొంగ డాక్టరేమోనన్న అనుమానం వస్తుంది. "లేడు డాక్టరు" అంటే క్లినిక్ మూసేశారని జనం వెనక్కి వెళ్ళిపోతారు. చివరికి "ససేమిరా డాక్టర్" అని రాసుకున్నాను. నాకు నచ్చింది. మీరేమంటారు?

మాస్టారు (రిటైర్డ్ తెలుగు పండితులు):
బాబూ, ఆ మాట వెనక పెద్ద కథే ఉంది, చూసి వాడు. విక్రమార్కుడి సింహాసనం కథల్లోది. రాజకుమారుడు అడవిలో పులికి భయపడి చెట్టెక్కుతాడు. పైన ఎలుగుబంటి. అది అభయమిచ్చి, రాత్రి ఇతను నిద్రపోతే కాపలా కాస్తుంది. తర్వాత తను ఇతని ఒళ్ళో పడుకుంటుంది. కింద నుంచి పులి చెప్పిన మాట విని, నిద్రపోతున్న ఎలుగును వీడు తోసేస్తాడు. అది కొమ్మ పట్టుకుని బతికిపోయి శపిస్తుంది. అప్పట్నుంచి పిచ్చివాడై, ఏం అడిగినా "ససేమిరా" తప్ప ఇంకో మాట లేదు. ఒక పండితుడు స, సే, మి, రా అక్షరాలతో మొదలయ్యే నాలుగు శ్లోకాలు ఒక్కొక్కటే చదువుతాడు. మొదటిది చదవగానే "సేమిరా", రెండోదానికి "మిరా", మూడోదానికి "రా", నాలుగోది అయ్యేసరికి మతి కుదురుతుంది. నమ్మినవాణ్ణి మోసం చెయ్యడంలో నేర్పేముంది అన్నది మొదటి శ్లోకం భావం. అంటే పుట్టుకలో అది తిరస్కారం కాదు, మిత్రద్రోహం చేసినవాడి పిచ్చి. ఎవరేమడిగినా అదే జవాబు కాబట్టి మొండిగా ఒప్పుకోకపోవడానికి మన తెలుగులో నిలబడిపోయిందని చెబుతారు.

ఒక సభ్యురాలు, గుంటూరు:
మాస్టారూ, కథ ఇప్పుడెవరికి గుర్తుందండీ? మా ఇంట్లో రోజుకు రెండుసార్లు వింటాను ఈ మాట. నా అభ్యంతరం వేరే. ససేమిరా అనాలంటే అవతల ఒకళ్ళు బతిమాలుతూ ఉండాలి. "ఎంత చెప్పినా ససేమిరా అన్నాడు" అంటాం. పెళ్ళి సంబంధానికి కుదురుతుంది, ఇంజెక్షన్ వద్దని మారాం చేసే పిల్లాడికి కుదురుతుంది. బిల్లు మీద ఓటేసేవాణ్ణి ఎవరు బతిమాలారు? పైగా ఆ మాటలో కారణం ఉండదు. మొండితనం ఒక్కటే ఉంటుంది.

హ్యూస్టన్ నుంచి ఒక సభ్యుడు:
అక్క చెప్పింది కరెక్ట్. నేనుండేది లేక్ జాక్సన్‌కు గంటన్నర దూరంలో. ఆయన రాజకీయాలు నాకు పడవు కానీ, ఆయన "నో"కి కారణం మాత్రం ఎప్పుడూ ఒకటే: రాజ్యాంగం స్పష్టంగా అధికారమివ్వని పని కాంగ్రెస్ చెయ్యకూడదు. 1999లో రోజా పార్క్స్‌కు కాంగ్రెస్ బంగారు పతకం ఇవ్వాలని బిల్లు వచ్చింది. బస్సులో తెల్లవాడికి సీటు వదలనన్న ఆ నల్లజాతి మహాతల్లే. 424 మంది సరే అన్నారు, ఈయన ఒక్కడే కాదన్నాడు. ఆవిడంటే గౌరవమేనట, పతకానికి 30 వేల డాలర్ల ప్రజాధనం ఖర్చు చెయ్యడం రాజ్యాంగం ఒప్పదట. నా జేబులోంచి 100 డాలర్లిస్తాను, మీరూ తలా ఒక వంద వెయ్యండి అన్నాడు.

ఇంకొకరు:
424కి ఒక్కడు అని మురిసిపోకండి సార్. ఎనభైలు, తొంభైల్లో ఆయన పేరు మీద వచ్చిన న్యూస్‌లెటర్లలో నల్లజాతివాళ్ళ గురించి రోత రాతలున్నాయి. నేను రాయలేదన్నాడు. పేరు ఆయనది, రాత ఎవరిదో! జీవిత పరిచయం అంటున్నారు కాబట్టి ఇది వదలకండి. ఇంకో సంగతి, మీరు ఆయన్ని "మితవాది" అని రాస్తారేమో. మన చరిత్ర పుస్తకాల్లో మితవాదులంటే గోఖలే వగైరా. పేపర్లవాళ్ళు రైట్ వింగ్‌కి కూడా అదే మాట వాడి గందరగోళం చేశారు. కన్సర్వేటివ్ అనే రాయండి, కొంప మునగదు.

మొదట అడిగినవాణ్ణి:
న్యూస్‌లెటర్ల సంగతి రాశానండీ, ఒక పేరా ఉంది. "కన్సర్వేటివ్" కూడా అలాగే ఉంచేశాను. ఇరాక్ యుద్ధ తీర్మానాన్ని 2002లో ప్రతినిధుల సభలో కాదన్న ఆరుగురు రిపబ్లికన్లలో ఈయనొకడు, ఆ మాటను తెలుగు చేసి "సంప్రదాయవాది" అంటే అదెక్కడ ఇముడుతుంది?

హ్యూస్టన్ సోదరుడి మాట చదివాక నాకు ఒకటి తట్టింది. ఇంగ్లీషువాడికి ఉన్నది ఒక్క "నో". మనకు ఒక్కో సందర్భానికి ఒక్కో మాట. లేదు, కాదు, వద్దు, కూడదు, చెల్లదు. అక్కర లేకపోతే వద్దు (పాత రూపం "వలదు"). నియమం ఒప్పకపోతే కూడదు. అధికారమే లేకపోతే చెల్లదు. "జీవో చెల్లదు" అని హైకోర్టు అంటుంది చూడండి, అది. రోజా పార్క్స్ పతకానికి ఆయనన్నది "వద్దు" కాదు. "చెల్లదు".

కరీంనగర్ నుంచి ఒక అక్క:
తమ్మీ, మంచిగ పట్టినవ్. చెల్లదు అంటే నాకు ముందు పైసలే యాదికొస్తయ్. 2011లో చారాణా చెల్లదన్నప్పుడు మా అమ్మ డబ్బా నిండ దాచిన బిళ్ళలు ముందరేసుకుని కూసున్నది. 2016ల నోట్లప్పుడైతే చెప్పనే వద్దు. నీ డాక్టరుకు పైసల ముచ్చట ఏమన్న ఉన్నదా?

మొదట అడిగినవాణ్ణి:
అక్కా, ఉండటమేమిటి, ఆయన రాజకీయాల్లోకి వచ్చిందే అందుకు! 1971 ఆగస్టు 15న అధ్యక్షుడు నిక్సన్, విదేశీ ప్రభుత్వాలు డాలరిస్తే బంగారం ఇచ్చే పద్ధతి ఆపేశాడు. వెనక బంగారం లేని కాగితానికి విలువ నిలవదని ఈ డాక్టరుకు బెంగ పట్టుకుంది. 1974లో మొదటిసారి పోటీ చేసి ఓడిపోయింది ఆ ఊపులోనే. తర్వాత నలభై ఏళ్ళూ అమెరికా కేంద్ర బ్యాంకును తిడుతూనే ఉన్నాడు. అంటే బిల్లుకూ చెల్లదు, నోటుకూ చెల్లదు. మీరు అడక్కపోతే నాకు తట్టేది కాదు.

మాస్టారు:
బాగుందయ్యా. కానీ "చెల్లదు డాక్టర్" అని మాత్రం పెట్టకు, గడువు దాటిన మందుచీటీలా ఉంది.

మొదట అడిగినవాణ్ణి:
పెట్టను మాస్టారూ. మారుపేరు "డాక్టర్ నో"గానే ఉంచేస్తున్నాను. ఓటు దగ్గర వాక్యం మాత్రం ఇలా మార్చాను: "424 మంది సరేనన్నారు. ఆయన ఒక్కడూ చెల్లదన్నాడు."

గుంటూరు సభ్యురాలు:
వాక్యం బాగుంది. మరి మొదటి పేజీలో "పురుళ్ళు పోశాడు" అన్నారే, మా వైపు పురుడు పోసేది పుట్టింటివాళ్ళండీ. 4 వేల మందికి పుట్టిల్లయ్యాడా ఆయన?

మొదట అడిగినవాణ్ణి:
"కాన్పులు చేశాడు" అని ఇప్పుడే దిద్దాను.