అప్‌డేట్: పండగ సెలవుల్లో ఇల్లు సర్దుకోవడం గురించి అడిగాను కదా

పండగ సెలవులకు చుట్టాలు దిగితే ఇల్లంతా బ్యాగులు, చెప్పులు, ఛార్జర్లతో నిండిపోతోంది, రోజంతా సర్దుతూ కూర్చోకుండా ఎలా నెట్టుకురావాలి అని అడిగాను. సలహాలు ఇచ్చిన అందరికీ చాలా థ్యాంక్స్.

అన్నిటికంటే బాగా పనిచేసింది, వాళ్లు రాకముందే చోటు ఖాళీ చేసి పెట్టమన్న సలహా. అలమారాలో ఒక అర, తలుపు వెనక కొక్కేలు, మంచం పక్కన ఒక స్టూలు ఖాళీగా ఉంచాం. బట్టలు మొదటి రోజే అరలోకి వెళ్లిపోయాయి, తడి తువ్వాళ్లు కుర్చీల మీద కనిపించలేదు. పెట్టుకోవడానికి చోటు లేకే సామాను నేల మీదికొస్తుందని నాకిప్పుడు గట్టి నమ్మకం.

హాల్లో పెట్టిన బుట్ట కూడా అక్కరకొచ్చింది. బొమ్మలు, రిమోట్, కళ్లజోడు, ఏది కనిపించినా అందులోకే. పడుకునే ముందు ఎవరివి వాళ్లు తీసుకోవాలి. మా చిన్నాడైతే బుట్ట పట్టుకుని గదిగదికీ తిరిగి పంచేవాడు, ఆ పని వాడికి భలే నచ్చింది!

వంటింటి డబ్బాలకు లేబుళ్లు అంటించడం మాత్రం మాకు కుదరలేదు. హడావిడిలో ఎవరూ చదవరు. అలంకరణ సామానుకైతే అవి ఉండాల్సిందే. లైట్ల తీగలు చిక్కుపడకుండా అట్టముక్కలకు చుట్టి, వెలగనివి అప్పుడే తీసేసి, డబ్బాల మీద పేర్లు రాశాం. ఈ వారంలో వాటిని అటక ఎక్కించేస్తాం.