సమస్య: తల్లి లేని వాఁడు తల్లి యయ్యె

నిర్వాహకుడు: కవిమిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఆటవెలది చివరి పాదం. విషయం వెండీస్ హాంబర్గర్ల సంస్థ స్థాపకుడు డేవ్ థామస్ జీవితం. 1932లో అమెరికాలోని అట్లాంటిక్ సిటీలో పుట్టిన ఆయన ఆరు వారాల పసికందుగా దత్తతకు వెళ్ళి, ఐదేళ్ళకే పెంపుడు తల్లిని పోగొట్టుకొని, పదిహేనేళ్ళకు బడి మాని హోటలు పనిలోనే స్థిరపడి, 1969లో ఒహాయోలోని కొలంబస్‌లో తొలి వెండీస్ తెరిచారు. 1992లో దత్తత కోసం తన పేరిట ఫౌండేషన్ నెలకొల్పారు. పురుషుడు తల్లి కావడమనే అసంభవాన్ని పరిహరించండి.

మొదటి పూరణ:

ఆరు వారములకె యన్యుల యొడిఁ జేరెఁ
బెంచు తల్లి యైదవేటఁ బోయె
ననదబిడ్డలకును నాసరా యైనట్టి
తల్లి లేని వాఁడు తల్లి యయ్యె.

నిర్వాహకుడు: ఆర్యా, ధార బాగున్నది. కాని దత్తత తీసుకున్నవారిని ‘అన్యులు’ అనడం, దత్తత పక్షాన మాట్లాడిన మనిషి కథలో పొసగదు. ‘ఆప్తుల యొడి’ అంటే గణమూ యతీ చెడవు.

రెండవ పూరణ:

మూలఁ గోయవలదు ముమ్మాటి కని నేర్పి
పరుల నాదరించు పాఠ మొసఁగె;
మిన్ని యవ్వ కరుణ మిన్నంటె, డేవుఁడు
తల్లి లేని వాఁడు, తల్లి యయ్యె.

నిర్వాహకుడు: అమ్మా, ‘వాఁడు’ దగ్గర వాక్యం విరిచి మాతృత్వాన్ని ఆయన పెంపుడు అమ్మమ్మ మిన్ని అవ్వకు అప్పగించడంతో సమస్యలోని అసంభవమే మాయమైంది. ఈ వారం నాకు ఎక్కువగా నచ్చిన పూరణ ఇదే. అయితే ‘అవ్వ కరుణ’ అన్నందువల్ల వ్యాకరణరీత్యా కర్త కరుణే అవుతున్నది. ‘డేవుఁడు’ను తొందరలో ‘దేవుఁడు’ అని చదివి ఉలిక్కిపడ్డాను కూడా. మొదటి పాదానికి వివరణ ఇవ్వగలరా?

రెండవ పూరణ కవయిత్రి: ధన్యవాదాలండీ. పని ఎగ్గొట్టి పైపైన చుట్టబెట్టడాన్ని ఇంగ్లీషువారు మూలలు కోయడమంటారు. అలా చేయవద్దని మిన్ని అవ్వ చెప్పిన మాటకు గుర్తుగానే డేవ్ తన హాంబర్గర్ మాంసపు బిళ్ళను నాలుగు మూలలతో చేయించారు. ఆ చమత్కారం తెలుగులో వివరణ లేకుండా నిలవదని ఒప్పుకుంటాను. కర్త విషయంలో మాత్రం కరుణే తల్లి అయిందన్న అన్వయం నాకు సమ్మతమే. పదమూడేళ్ళప్పుడు ఆయనకు దత్తత సంగతి చెప్పింది కూడా ఆ అవ్వే.

మూడవ పూరణ:

ఆ కొలంబసునను హాంబర్గరుల నమ్మి
కూడఁబెట్టినట్టి కోట్లతోడ
నిల్లు లేని శిశుల కిండ్ల వెదకి యిచ్చి
తల్లి లేని వాఁడు తల్లి యయ్యె.

నిర్వాహకుడు: పాదాదిని నేరుగా ‘కొలంబసు’ అని ఉంటే జగణం పడి గణభంగమయ్యేది, ముందు ‘ఆ’ చేర్చి మూడు సూర్యగణాలు సాధించారు. ‘నమ్మి’లో విక్రయమూ విశ్వాసమూ రెండూ పలికాయి. ఇక ‘శిశుల’ అన్నది వాస్తవానికి దూరం. ఆ ఫౌండేషన్ ముఖ్యంగా ప్రభుత్వ సంరక్షణలో పెరుగుతూ, వయసు మీరిందని ఎవరూ అడగని పిల్లలకు ఇళ్ళు వెదుకుతుంది.

మూడవ పూరణ కవి: సరిచేశాను, చిత్తగించండి: ‘నిల్లు లేని బిడ్డ కిల్లు వెదకి యిచ్చి’.

నిర్వాహకుడు: గణయతులు సరిపోయాయి. ‘బిడ్డ’ అన్న ఏకవచనమే ఇక్కడ అందం.