శత్రు క్లాన్‌ల మధ్య ప్రేమ: స్కాట్లండ్ చరిత్రలో ఉన్నదా, నవలల్లోనే ఉన్నదా?

పాతపుస్తకం:

స్కాట్లండ్ ఉత్తరాన ఉన్న కొండసీమ హైలాండ్స్ నేపథ్యంగా వచ్చే చారిత్రక ప్రేమ నవలలను ఈ వేదికలో ఇష్టంగా చదివేవారు చాలామంది ఉన్నారు కనుక ఈ ప్రశ్న ఇక్కడే అడుగుతున్నాను. ఆ నవలల కథ దాదాపు ఒకే దారిలో నడుస్తుంది. ఒక క్లాన్ (ఒకే వంశపేరు కింద ఉండే తెగ) నాయకుడి కూతురిని పగవాడైన మరో క్లాన్ నాయకుడు ఎత్తుకుపోతాడు, ఆమె తిరగబడుతుంది, అతడు మెత్తబడతాడు, చివరకు వారి పెళ్ళితో తరాల పగ చల్లారుతుంది. కల్పనను కల్పనగా చదువుకోవడంలో నాకు అభ్యంతరం లేదు గాని, ఆనాటి జీవితం ఇలాగే ఉండేదని నమ్మేవారిని చూస్తేనే బాధ కలుగుతుంది. ఎత్తుకుపోవడం నిజం, పెళ్ళి నిజం, ప్రేమ మాత్రం తరువాతివారు అతికించినది అని నా వాదన.

కాడర్ ఆస్తికి వారసురాలైన మ్యూరియల్ కథ చూడండి. 1499లో ఆమెకు రెండేళ్ళు కూడా నిండలేదు. ఆమె సంరక్షణ హక్కును, పెళ్ళి చేసే హక్కును రాజు వద్ద సంపాదించుకున్న ఆర్గైల్ ఎర్ల్, క్యాంబెల్ క్లాన్ నాయకుడు, ఆమెను అమ్మమ్మ ఇంటి నుండి తెప్పించుకోవడానికి సాయుధులను పంపాడు. మరొకరి బిడ్డను చూపించి మోసం చేయకుండా, రేపు గుర్తుపట్టడానికి వీలుగా, దాది ఆ పసిదాని చిటికెన వేలి కణుపును కొరికివేసిందని కథ చెబుతారు. ఇంత రక్తం చిందించి తెచ్చిన పిల్ల పెరగకుండానే చనిపోతే ఎలా అని ఒకడు అడిగితే, ఆ దండుకు నాయకత్వం వహించిన క్యాంబెల్, ‘లాక్ ఆ’ (Loch Awe) అనే సరస్సు ఒడ్డున ఎర్రజుట్టు పిల్ల ఒక్కతె మిగిలి ఉన్నంత కాలం కాడర్ మ్యూరియల్‌కు చావు లేదన్నాడట. వారికి కావలసింది పిల్ల కాదు, పిల్ల పేరిట ఉన్న భూమి. 1510లో ఎర్ల్ తన కొడుకు సర్ జాన్ క్యాంబెల్‌కు ఆమెను ఇచ్చి పెళ్ళి చేశాడు. ఆ భూమి అలా క్యాంబెల్‌ల వశమైంది.

రెండవది 1697 నాటిది. లోవట్ ప్రభువు పోయాక ఆ ఆస్తి కోసం సైమన్ ఫ్రేజర్‌కు, ప్రభువు భార్య అమీలియా పుట్టింటివారైన ఆథల్ మర్రేలకు మధ్య వైరం ముదిరింది. సైమన్ ముందు ప్రభువు కూతురిని, ఆ పసిపిల్లను, చేసుకోవాలని చూశాడు. అది సాగకపోవడంతో డౌనీ కోటలో తల్లినే నిర్బంధించి, పాదిరీని పిలిపించి బలవంతంగా పెళ్ళి తంతు జరిపించాడు. ఆమె కేకలు బయటికి వినపడకుండా బ్యాగ్‌పైపులు ఊదించారని చాలా చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది. నవలల్లో ‘ఎత్తుకొచ్చిన వధువు’ అని మురిపెంగా చెప్పే సన్నివేశానికి అసలు రూపం ఇదే.

సాగరిక:

పాతపుస్తకం గారూ, మీరు ఎంచుకున్న రెండు ఉదాహరణలూ నిజమే. అయితే రెండూ ఆస్తికి వారసులైన వారివి, లేదా ఆస్తికి దారి చూపగల వారివి. వాటిని బట్టి ప్రేమే లేదని తేల్చడం తొందరపాటు అవుతుంది.

గ్లెన్‌లయన్ డంకన్ క్యాంబెల్ కూతురు మోర్, గ్లెన్‌స్ట్రే మెక్‌గ్రెగర్‌ల నాయకుడు గ్రెగర్ రాయ్‌ను పెళ్ళాడింది. గ్లెనార్కీ ప్రభువైన కాలిన్ క్యాంబెల్, జుట్టు నెరిసినందున గ్రే కాలిన్ అని పేరుపడినవాడు, గ్రెగర్‌కు తండ్రితాతల నుండి రావలసిన భూమిని తాను పెట్టిన షరతులకు ఒప్పుకుంటే తప్ప ఇవ్వనన్నాడు. గ్రెగర్ లొంగలేదు. 1560ల దశకంలో ఏళ్ళ తరబడి అడవుల్లో తిరుగుతూ పోరాడాడు. 1569లో పట్టుబడ్డాడు, 1570 ఏప్రిల్ 7న బాలఖ్ కోట వద్ద అతని తల నరికారు. ఆ తరువాత మోర్ తన బిడ్డను ఊయలలో ఊపుతూ పాడినట్టు చెప్పే గేలిక్ (హైలాండ్స్ భాష) పాట ఈనాటికీ స్కాట్లండ్‌లో పాడుతున్నారు. అందులో ఆమె తిట్టేది భర్త శత్రువులను, అంటే తన సొంత వాళ్ళను. బాలఖ్‌లోని ప్రతి క్యాంబెల్‌కూ సంకెళ్ళు పడాలంటుంది. రాతికోటలో మరొకడి భార్యగా ఉండేకంటే గ్రెగర్ వెంట అడవిలో, పొదల్లో తిరగడమే తనకు ఇష్టమంటుంది. ఒక చిన్న పాత్ర దొరికి ఉంటే నేలపాలైన అతని రక్తాన్ని కడుపారా తాగి ఉండేదాన్నంటుంది. దీన్ని కూడా తరువాతివారు అతికించినదే అంటారా?

పాతపుస్తకం:

ఆ పాట గొప్పదనాన్ని కాదనను. కాని అది నోటి నుండి నోటికి తరాలు దాటి వచ్చిన పాట. చనిపోయినవాడి రక్తం తాగే మాట గేలిక్ విలాపగీతాల్లో చాలాచోట్ల కనిపిస్తుంది. ఏడ్చేవారు అలవాటుగా అనే మాట అది. దాని మీద ఆధారపడి మోర్ మనసులో ఏముందో చెప్పడం చరిత్ర అవుతుందా?

సాగరిక:

మరణశిక్ష తేదీ పాటలోనిది కాదు. ఫోర్టింగల్ ఊరి మతాచార్యుడు రాసిపెట్టాడని భావించే ఆనాటి దినవృత్తాంతంలో గ్రెగర్ తల నరికిన రోజు, చోటు నమోదై ఉన్నాయి. పాటకు, ఆ రాతకు పొత్తు కుదిరింది. ఇక అలవాటు మాట గురించి. మన పల్లెల్లో శవం దగ్గర ఏడ్చే తల్లి వాడే మాటలు కూడా తరతరాలుగా వస్తున్నవే. అంతమాత్రాన ఆమె ఏడుపు అబద్ధమవుతుందా? మూస మాటలు పక్కన పెట్టినా, పుట్టింటి క్లాన్ కోటను పేరు పెట్టి శపించడం ఏ మూసలోనూ ఉండదు. అది ఆమె ఒక్కదాని కథకే సరిపోతుంది.

ధర్మాసనం:

మీరిద్దరూ ‘ప్రేమ ఉన్నదా, లేదా’ అన్న చోటనే ఆగిపోయారు. నా దృష్టిలో ఆ నవలల అసలు లోపం మరొకటి. శత్రు క్లాన్‌ల మధ్య పెళ్ళి నిషిద్ధమని, దాని కోసం ప్రేమికులు లోకాన్ని ఎదిరించాలని అవి చెబుతాయి. హైలాండ్స్‌లో అలాంటి నిషేధం లేనే లేదు. పక్క లోయలో ఉన్నవారితోనే పశువుల దొంగతనాలు, సరిహద్దు తగాదాలు వస్తాయి, పక్క లోయలో ఉన్నవారికే పిల్లనిస్తారు. హత్య జరిగితే చంపినవారి బంధువులు పరిహారం చెల్లించి, చనిపోయినవారి బంధువుల వద్ద క్షమాపత్రం రాయించుకోవడం స్కాట్లండ్ న్యాయంలో గుర్తింపు ఉన్న పద్ధతి. అలాంటి రాజీల్లో భాగంగా పెళ్ళి కుదుర్చుకోవడమూ ఉండేది. అంటే పగ ఉన్నది కనుకనే పెళ్ళి జరిగింది. పైగా స్కాట్లండ్‌లో ఆడవారు పెళ్ళయ్యాక కూడా పుట్టింటి పేరునే ఉంచుకునేవారు. క్యాంబెల్ ఇంటి ఆడపడుచు మెక్‌గ్రెగర్ ఇంట కాపురం చేస్తూ కూడా క్యాంబెల్‌గానే పిలువబడేది. అందుచేత కష్టమంతా పెళ్ళికి ముందు కాక పెళ్ళి తరువాత మొదలవుతుంది. రాజీ చెడిననాడు ఆమె ఎవరి మనిషి?

మల్ ద్వీపంలోని డ్యూయార్ట్ కోట నాయకుడు లాక్లన్ మెక్లీన్ ఆర్గైల్ రెండవ ఎర్ల్ కూతురిని చేసుకున్నాడు. సరిపడలేదు. సముద్రం పాటు తీసినప్పుడు పైకి తేలి, పోటు వచ్చినప్పుడు మునిగిపోయే ఒక బండరాయి మీద ఆమెను వదిలేసి వచ్చాడని, జాలరులు చూసి కాపాడి పుట్టింటికి చేర్చారని, భార్య మునిగిపోయిందని విచారం నటిస్తూ ఇతడు మామగారింటికి వెళితే అక్కడ ఆమే ఎదురుపడిందని కథ. లిస్మోర్ దీపస్తంభం దాపున ఆ బండను ఇప్పటికీ ‘దొరసాని బండ’ అనే అర్థం వచ్చే పేరుతోనే పిలుస్తారు, ఓబన్ నుండి మల్‌కు వెళ్ళే ఓడలో కూర్చున్నవారికి అది కనబడుతుంది. కథలో కల్పన ఎంతైనా ఉండవచ్చు, కాని 1523లో ఎడిన్‌బరోలో లాక్లన్‌ను ఆమె అన్నదమ్ములలో ఒకడు హత్య చేశాడన్నది నిజం. ఆ హంతకుడు ఎవరో కాదు, పాతపుస్తకం గారు చెప్పిన మ్యూరియల్ భర్త సర్ జాన్ క్యాంబెల్. ఎత్తుకొచ్చిన పిల్లను కట్టుకున్నవాడే, చెల్లికి జరిగిన అవమానానికి మనిషిని చంపాడు. ఆ సమాజంలో ఆడపిల్ల విలువ ఎవరి వైపు నుండి చూస్తున్నామన్న దాని మీద ఆధారపడి ఉండేది.

లూయిస్ ద్వీపంలో ఇంకా ఘోరం. అక్కడి నాయకుడు రోరీ మెక్లౌడ్, కిన్‌టెయిల్ మెకంజీల ఆడపడుచు జానెట్‌ను చేసుకుని, ఆమెకు పుట్టిన టార్క్విల్ తన కొడుకు కాడన్నాడు. మేనమామల వైపువారు పిల్లవాడి పక్షం వహించారు. వారసత్వం కోసం దశాబ్దాల పాటు కొట్లాటలు జరిగి, 1610 నాటికి ద్వీపమే మెకంజీల చేతికి పోయింది. మన ఊళ్ళ కైఫియత్తులను కావలి సోదరుల సహాయంతో సేకరించిన కాలిన్ మెకంజీ ఆ ద్వీపంలోని స్టోర్నోవేలోనే పుట్టాడు. ఇది చర్చకు పక్కమాటే, కాని మన పాఠకులకు ఆసక్తిగా ఉంటుందని రాశాను.

తుంగభద్ర:

ఒక సందేహం. నవలల్లో ఏడాది పాటు కలిసి ఉండి, నచ్చకపోతే విడిపోయే ‘చేతులు కలిపే’ పెళ్ళి ఒకటి ఉంటుంది. శత్రువులైన నాయికా నాయకులను ఒకే కప్పు కింద ఉంచడానికి రచయితలు దాన్ని తెగ వాడుకుంటారు. అది నిజంగా ఉండేదా?

ధర్మాసనం:

ఏడాది మీద ఒక రోజు అనే లెక్కను చరిత్రకారులు చాలావరకు నమ్మరు. కొంత కాలానికి అని చేసుకునే పెళ్ళిళ్ళు మాత్రం ఉండేవి. ద్వీపాల నాయకుల చేత 1609లో ఒప్పించిన అయోనా శాసనాల్లో వాటిని నిషేధించడమే అందుకు సాక్ష్యం. దీనికి చెప్పే కథ స్కై ద్వీపానిది. స్లీట్ నాయకుడు డొనాల్డ్ గార్మ్ మెక్‌డొనాల్డ్, డన్‌వెగన్ మెక్లౌడ్‌ల ఆడపడుచు మార్గరెట్‌ను గడువు తీరాక పుట్టింటికి పంపేశాడు. ఆమెకు ఒక కన్ను పోయి ఉన్నందున ఒంటికన్ను గుర్రం మీద ఎక్కించి, ఒంటికన్ను నౌకరును, ఒంటికన్ను కుక్కను వెంట పంపాడని చెప్పుకుంటారు. వెంటనే మెకంజీల పిల్లను చేసుకున్నాడు. దాంతో మొదలైన దాడులు 1601లో కూలిన్ కొండల నడుమ జరిగిన యుద్ధంతో ముగిశాయి. నవలాకారులు సరసానికి వాడుకునే ఆచారం ఇది. ఆ కుక్కనూ గుర్రాన్నీ ఏ నవలలోనూ చూడలేదు!

మంజీర:

గ్లెన్‌కో ప్రస్తావన లేకుండా ఈ చర్చ సాగుతున్నందుకు ఆశ్చర్యంగా ఉంది. 1692 ఫిబ్రవరి 13 తెల్లవారుజామున అక్కడ 38 మంది మెక్‌డొనాల్డ్‌లను చంపిన సైనికుల నాయకుడు, మోర్ పుట్టిన అదే గ్లెన్‌లయన్ ఇంటికి చెందిన రాబర్ట్ క్యాంబెల్. అతని మేనకోడలు సేరా, చనిపోయిన మెక్‌డొనాల్డ్ నాయకుడి చిన్నకొడుకు భార్య. దాదాపు రెండు వారాల పాటు సైనికులు ఆ లోయలోని ఇళ్ళలో అతిథులుగా ఉన్నారు. రాబర్ట్ రోజూ పొద్దున్నే మేనకోడలి ఇంటికి వచ్చి ఒక గుక్క మద్యం పుచ్చుకుని వెళ్ళేవాడని తరువాత జరిగిన విచారణలో సాక్ష్యం చెప్పారు. సేరా భర్త ఆ రాత్రి ప్రాణాలతో తప్పించుకున్నాడు, మామ మాత్రం పడక మీద నుండి లేస్తుండగా హతమయ్యాడు. అయితే దీన్ని రెండు క్లాన్‌ల పగగా మాత్రమే చెప్పడం సరికాదు. విలియం రాజుకు విధేయత ప్రమాణం చేయడానికి గడువు జనవరి 1 కాగా, గ్లెన్‌కో నాయకుడు 6వ తేదీన చేశాడు. ఆ ఆలస్యాన్ని సాకుగా తీసుకుని ఊచకోతకు పథకం వేసినవాడు స్కాట్లండ్ వ్యవహారాలు చూసే మంత్రి జాన్ డాల్రింపుల్. ఇతని సోదరి జానెట్, తన ఇష్టంతో మాట ఇచ్చిన రూథర్‌ఫర్డ్ ప్రభువును కాదని, తల్లిదండ్రుల బలవంతం మీద 1669 ఆగస్టులో మరొకరిని పెళ్ళాడి, నెల తిరగకుండానే చనిపోయింది. వాల్టర్ స్కాట్ 1819లో రాసిన విషాద నవలకు మూలం అదే. ఆమెవి మైదానపు స్కాట్లండ్ కుటుంబాలు, క్లాన్‌లు కావు. పెద్దలు అడ్డుపడిన ప్రేమకు గట్టి ఆధారం కొండసీమలో కాక అక్కడ, చట్టగ్రంథం రాసిన న్యాయమూర్తి అయిన ఆమె తండ్రి ఇంట్లో దొరకడం గమనించదగినది.

పాతపుస్తకం:

ధర్మాసనం గారి మాటతో నాకు పేచీ లేదు, నా ఫిర్యాదును అది మరింత గట్టిపరుస్తున్నది. మోర్, గ్రెగర్ ఒకరినొకరు ప్రేమించారనే అనుకుందాం. నవలలు చెప్పే ముఖ్యమైన మాట, ప్రేమ పగను ఆర్పుతుందన్నది. ఒక్క చోటనైనా ఆర్పిందా?

సాగరిక:

మోర్ ఇంట ఆర్పలేదు. తండ్రి తల తెగేనాటికి పసివాడైన ఆమె కొడుకు అలస్టెయిర్ పెరిగి మెక్‌గ్రెగర్‌ల నాయకుడై, 1603లో గ్లెన్ ఫ్రూన్ వద్ద కోహూన్‌లను ఓడించాడు. ఆ ఏడే మెక్‌గ్రెగర్ అన్న పేరును వాడరాదని ప్రభుత్వం నిషేధించింది. 1604 జనవరిలో ఎడిన్‌బరోలో అతడిని ఉరితీశారు. కాని బంధుత్వం వల్ల ఏ ఉపయోగమూ లేదనడానికి ఒప్పుకోను. నిషేధం 1661లో తొలగి, 1693లో మళ్ళీ వచ్చింది. అప్పుడు పేరు మార్చుకోవలసి వచ్చినవారిలో రాబ్ రాయ్ ఒకడు. అతని తల్లి మార్గరెట్ గ్లెన్‌లయన్ క్యాంబెల్‌ల ఆడపడుచు. మెక్‌గ్రెగర్‌ల తలలు తెంచిన క్లాన్ పేరునే, తల్లి పేరుగా, అతడు పెట్టుకుని తిరిగాడు. మీ నవలాకారులు పెళ్ళితో కథ ముగించకుండా ఆ తల్లి దగ్గర మొదలుపెడితే నేనూ మీ పక్షానికి వస్తాను.