ఐస్‌లాండ్‌లో ఉంటున్నవాళ్లు, చూసి వచ్చినవాళ్లు కాస్త చెప్పండి

పల్లవి (కాకినాడ)
మా చెల్లెలికి ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్‌లో పీజీ సీటు వచ్చింది. ఆగస్టులో ప్రయాణం. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి ఇంట్లో ఎవరి దిగులు వారిది. నాన్నగారికి చీకటి గురించి: ఆరు నెలలు రాత్రేనా? అమ్మకు తిండి గురించి. మా తమ్ముడైతే అక్కడ అబ్బాయీ అమ్మాయీ పరిచయం కాగానే బంధువులో కాదో ఫోనులో చూసుకుంటారని, కంటికి కనబడని మనుషుల కోసం రోడ్లు మళ్లిస్తారని చెప్పి అందరినీ హడలగొడుతున్నాడు. వీడియోల్లో జలపాతాలు, ఆకాశంలో పచ్చని వెలుగులు తప్ప రోజువారీ బతుకు కనబడటం లేదు. తెలిసినవాళ్లు చెప్పగలరా?

శ్రీలక్ష్మి (రేక్యావిక్)
ముందు మీ నాన్నగారి సంగతి చూద్దాం. ఆరు నెలల రాత్రి ఇక్కడ లేదండీ. రేక్యావిక్ ఆర్కిటిక్ వలయానికి దక్షిణంగానే ఉంది. డిసెంబరు మూడో వారంలో పగలు నాలుగు గంటల పైచిలుకు ఉంటుంది. ఉదయం పదకొండు దాటాక తెల్లవారి, మూడున్నరకల్లా పొద్దు గూకుతుంది. జూన్‌లో దీనికి తలకిందులు, అర్ధరాత్రి కూడా పుస్తకం చదువుకోవచ్చు. చీకటికి అలవాటు పడటం తేలికే, నిద్ర పట్టనివ్వని వెలుగే కష్టం. కిటికీలకు మందపాటి కర్టెన్లు తప్పనిసరి. చలికాలంలో ఇక్కడివాళ్లు చిన్నప్పటి నుంచీ కాడ్ చేప కాలేయపు నూనె తాగుతారు. అది వద్దనుకుంటే విటమిన్ డి మాత్రలు తెచ్చుకోమనండి.

వాయవ్యాన ఇసాఫ్యోర్దుర్ అని కొండల మధ్య ఒక ఊరుంది. చలికాలంలో దాదాపు రెండు నెలలు సూర్యుడు కొండ దాటి పైకి రాడు. జనవరి 25 ప్రాంతంలో మళ్లీ వీధుల్లో ఎండ పడుతుంది. ఆ రోజు ఊరంతా పాన్‌కేకులు చేసుకుని కాఫీ తాగుతారు. అటూ ఇటూగా మనకు రథసప్తమి కూడా అప్పుడే వస్తుంది. ఆ పూట నేను పాలు ఎందుకు పొంగిస్తున్నానో మా పక్కింటావిడకు రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది.

ఐస్‌లాండ్ అల్లుడు
నేను ఇక్కడి అమ్మాయిని చేసుకున్నవాణ్ణి కాబట్టి ఫోను సంగతి నేనే చెప్పాలి. ఈ దేశ జనాభా నాలుగు లక్షల లోపు. శతాబ్దాల వంశవృక్షాలన్నీ చేర్చిన ఒక కంప్యూటర్ భాండాగారం ఉంది. మీరూ నేనూ ఎన్నో తరంలో కలుస్తామో అది చెబుతుంది. 2013లో కొందరు విద్యార్థులు రెండు ఫోన్లు తాకిస్తే చుట్టరికం చెప్పే ఆప్ చేశారు. ప్రపంచ పత్రికలకు అదే పండగ అయింది. ఇక్కడివాళ్లు దాన్ని నవ్వుకోవడానికి వాడుకున్నారు, ముత్తాతల పేర్లు వెతుక్కోవడానికి వాడుకున్నారు. అయినా వరసైతే మేనమామ కూతురినే చేసుకొమ్మనే మనం వాళ్లను చూసి నవ్వడమా! మా మామగారికి మేనరికం గురించి చెప్పినప్పుడు ఆయన చేతిలో కాఫీ కప్పు కాసేపు అలాగే ఉండిపోయింది.

సందేహాలరావు
మరి ఆ కనబడని మనుషులు? వీళ్లు నిజంగా నమ్ముతారా, పర్యాటకుల కోసం అల్లిన కథా?

ఐస్‌లాండ్ అల్లుడు
బండల్లో, రాళ్లలో కాపురముంటారని ఇక్కడి కథల్లో చెప్పుకునే మనుషులు వాళ్లు. నమ్ముతారా అని సూటిగా అడిగితే సూటిగా చెప్పరు. 'నేను చూడలేదు, అలాగని లేరని ఎలా అంటాను' అంటారు. 2013లో రాజధాని పక్కనే ఆల్ఫ్‌తానెస్ వైపు వేసే రోడ్డుకు అడ్డంగా జనం కూర్చున్నారు. బయటి పత్రికలు అదంతా ఆ కనబడని మనుషుల గొడవగానే రాశాయి. వాళ్లలో ఎక్కువమంది బాధ పాత లావా మైదానాన్ని బుల్డోజర్లు తవ్విపోస్తున్నాయని. మా అత్తగారు ఏ కథా నమ్మరు. అయినా పెరట్లో ఉన్న పెద్ద బండను కదిలించడానికి మాత్రం ఒప్పుకోరు.

శ్రీలక్ష్మి (రేక్యావిక్)
ఇవన్నీ ఒక ఎత్తు, వేడినీళ్లు ఒక ఎత్తు. నన్నడిగితే ఈ దేశం నడిచేదే వాటి మీద. పదిళ్లలో తొమ్మిదింటికి వెచ్చదనం భూగర్భ వేడి నుంచే వస్తుంది. 1930లో రేక్యావిక్‌లో ఊటల నుంచి గొట్టాలు వేసి మొదట బడికి, ఆసుపత్రికి, కొన్ని ఇళ్లకు ఇచ్చారు. అంతకు ముందు ఊరి మీద బొగ్గు పొగ. 1970ల చమురు సంక్షోభం తర్వాత దేశమంతా ఈ దారి పట్టింది. ఇళ్లలో వాడేసిన గోరువెచ్చని నీళ్లను కూడా వదలరు. నగరం నడిబొడ్డున కాలిబాటల కింద గొట్టాల్లో పారించి మంచు కరిగిస్తారు.

మీ చెల్లెలికి రెండు మాటలు. వేడినీళ్ల కుళాయి తిప్పగానే గంధకం వాసన, కోడిగుడ్డు కుళ్లినట్లు వస్తుంది. భయపడవద్దు, స్నానానికి ఏమీ కాదు. వెండి మాత్రం నల్లబడుతుంది. నా మెట్టెలు, పట్టీలు వారంలోనే ఇనుప రంగుకు తిరిగాయి, ఇప్పుడు తీసే స్నానం చేస్తున్నాను. అన్నానికి, టీకి చన్నీళ్ల కుళాయి నీళ్లే పట్టాలి. అవి ఊట నీళ్లు, తియ్యగా ఉంటాయి. సీసా నీళ్లు కొంటే ఇక్కడివాళ్లు వింతగా చూస్తారు.

పల్లవి (కాకినాడ)
అమ్మ ఇదంతా చదివించుకుని వింటోంది. పప్పూ బియ్యం దొరుకుతాయా? కుళ్లిన సొరచేప తింటారట కదా?

శ్రీలక్ష్మి (రేక్యావిక్)
దొరుకుతాయి, ధర చూస్తేనే గుండె ఆగుతుంది. కందిపప్పు, పచ్చళ్లు, పొడులు సూటుకేసులో సర్దుకోమనండి. సొరచేప రోజూ తినేది కాదు. జనవరి, ఫిబ్రవరి నెలల పాత పండగ విందుల్లో ముక్కలు పంచుతారు, సగం మంది ముక్కు మూసుకునే తింటారు. రోజువారీ తిండి చేపలు, గొర్రె మాంసం, బంగాళాదుంపలు, స్కిర్ అనే చిక్కటి పెరుగు లాంటిది. మన గడ్డపెరుగుకు అలవాటు పడ్డవాళ్లకు స్కిర్ ఇట్టే నచ్చుతుంది. బయట మంచు కురుస్తుంటే గాజు ఇళ్లలో దీపాల కింద టమాటాలు పండిస్తారు, కాబట్టి టమాటా పప్పుకు లోటు లేదు.

ఐస్‌లాండ్ అల్లుడు
ఈత కొలనుల సంగతి ఎవరూ చెప్పలేదేమిటి? పరిచయాలు కావాలంటే మీ చెల్లెలు వెళ్లాల్సింది అక్కడికే. చిన్న ఊళ్లో కూడా వేడినీటి కొలను ఉంటుంది, ఆరుబయటే. పక్కన 38 నుంచి 44 డిగ్రీల దాకా వేర్వేరు వేడిలో తొట్లు. మంచు పడుతుంటే మెడ దాకా మునిగి, రాజకీయాలు, ఇళ్ల ధరలు, ఎవరి గొర్రె ఎక్కడ తప్పిపోయింది, అన్నీ మాట్లాడుకుంటారు. బస్సు డ్రైవరూ మంత్రీ పక్కపక్కనే కూర్చుంటారు.

ఒక్క చిక్కు ఉంది. నీళ్లలో దిగే ముందు ఒంటి మీద నూలుపోగు లేకుండా, సబ్బుతో స్నానం చేసి తీరాలి. ఆడవాళ్లకు, మగవాళ్లకు గదులు వేరే, కానీ లోపల అందరూ కలిసే. తల, చంకలు, తొడల మధ్య, పాదాలు ఎర్రగా గుర్తుపెట్టిన బొమ్మ గోడ మీద ఉంటుంది. తప్పించుకోబోతే అక్కడి ఉద్యోగి వెనక్కి పంపుతారు. కొలనులో క్లోరిన్ తక్కువ కలుపుతారు, అందుకే ఇంత పట్టింపు. కొన్నిచోట్ల తెర ఉన్న షవరు ఉంటుంది, అడిగితే చూపిస్తారు.

పల్లవి (కాకినాడ)
ఈ పేరా అమ్మకు చదవలేదు. ఒంటరి ఆడపిల్లకు భద్రత ఎలా ఉంటుంది?

శ్రీలక్ష్మి (రేక్యావిక్)
పసిపిల్లలను తోపుడుబండిలో దుప్పట్లు కప్పి కాఫీ దుకాణం బయట నిద్రపుచ్చి, తల్లులు లోపల కూర్చునే ఊరు ఇది. సైన్యం లేదు, గస్తీ పోలీసుల దగ్గర మామూలుగా తుపాకీ ఉండదు. 1975 అక్టోబర్ 24న దేశంలోని ఆడవాళ్లలో తొంభై శాతం మంది ఉద్యోగాలూ ఇంటి పనీ మానేసి వీధుల్లోకి వచ్చారు. అయిదేళ్లకు, 1980లో, విగ్దిస్ ఫిన్‌బోగదోత్తిర్‌ను దేశాధ్యక్షురాలిగా ఎన్నుకున్నారు. అలాగని అన్నీ బాగున్నాయని కాదు. శుక్రవారం రాత్రి తాగి తూలేవాళ్లు ఇక్కడా ఉన్నారు.

పేర్ల గురించి కూడా మీ చెల్లెలికి చెప్పండి. ఇంటిపేరు చాలామందికి ఉండదు. జోన్ కొడుకు ఎయినార్ జోన్సన్, కూతురు గుద్రున్ జోన్స్‌దోత్తిర్. పెళ్లయినా పేరు మారదు. కాబట్టి భార్యాభర్తలు, కొడుకు, కూతురు ఉన్న ఇంట్లో నాలుగు చివరి పేర్లు. ప్రొఫెసరును, దేశాధ్యక్షులను కూడా పేరు పెట్టే పిలుస్తారు. 'సర్' అంటే ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూస్తారు.

శివరామ్ (విజయవాడ)
నేను కారులో దేశం చుట్టి వచ్చినవాణ్ణి. చుట్టూ తిరిగే ఒకటో నంబరు రోడ్డు దాదాపు 1,300 కిలోమీటర్లు. నా లెక్కలో అసలు శత్రువు చలి కాదు, గాలి. గొడుగు పెట్టెలోనే ఉంచుకోవాలి. కారును గాలికి ఎదురుగా నిలిపి, తలుపును రెండు చేతులతో పట్టుకుని తెరవాలి. మాతో వచ్చిన మిత్రుడి తలుపు చేతిలోంచి లాక్కుపోయి వెనక్కి వంగింది, గాలి నష్టానికి బీమా వర్తించదన్నారు. పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో వాతావరణ హెచ్చరికలు వస్తాయి. నారింజ చూస్తే హోటల్లోనే ఉండిపోండి.

కొండల్లో చిక్కుకుంటే కాపాడేది జీతగాళ్లు కాదు, స్వచ్ఛంద కార్యకర్తలు. దుకాణంలోనో బడిలోనో పని చేసుకునేవాళ్లు పిలుపు రాగానే జీపులతో బయల్దేరుతారు. వాళ్ల ఖర్చుకు పెద్ద ఆదాయం కొత్త సంవత్సరానికి టపాకాయలు అమ్మడం. డిసెంబరు 31 రాత్రి రేక్యావిక్ చూస్తే మన దీపావళి ఏ మూలకో అనిపించింది.

సందేహాలరావు
కాకినాడవాళ్లకు అసలు శుభవార్త ఎవరూ చెప్పలేదు. ఐస్‌లాండ్‌లో దోమలు లేవు!

ఐస్‌లాండ్ అల్లుడు
ఆ ముచ్చటా తీరిపోయింది రావుగారూ. 2025 అక్టోబర్‌లో రేక్యావిక్‌కు ఉత్తరాన క్యోస్ దగ్గర మూడు దోమలు దొరికాయి, రెండు ఆడవి, ఒకటి మగది. మూడే మూడు. వార్త ప్రపంచమంతా పాకింది. మా మామగారు దోమ ఎలా కుడుతుందో చెప్పమని నన్ను అడుగుతున్నారు.